ఎన్‌క్లెక్స్ పోయాక: మళ్లీ రాయాలా, కోచింగ్‌కి వెళ్లాలా, పరీక్షే మార్చాలా?

నెల్లూరు పొగతోటలోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఆసుపత్రుల్లో పనిచేసే అమ్మాయిలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "అక్కా, ఎన్‌క్లెక్స్ పోయింది, ఈసారి యూవరల్డ్ కొననా, ఆర్చర్ కొననా?" ఎన్‌క్లెక్స్ అంటే అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే పరీక్ష, యూవరల్డ్, ఆర్చర్ అనేవి దానికి ప్రాక్టీస్ చేసుకునే ఆన్‌లైన్ క్వశ్చన్ బ్యాంకులు. కొందరు అది కూడా అడగరు, ఇక ఇది మనవల్ల కాదు, దుబాయ్ పరీక్ష రాసేస్తాను అంటారు. రెండింటికీ నేను వెంటనే జవాబు చెప్పను. పరీక్ష ఎలా పోయిందో తేలకుండా ఏం కొనాలో తేలదు, పక్క బెడ్ పేషెంట్‌కి రాసిన మందు మనం మింగినట్టే ఉంటుంది.

నేనూ కోవూరు దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, నెల్లూరులో ఐసీయూ డ్యూటీలు చేసుకుంటూ ఈ పరీక్ష రాశాను. మొదట్లో పాసవలేదు, తర్వాత పాసయ్యాను. నాకు పనికొచ్చిన దారే మీకూ పనికొస్తుందని మాత్రం చెప్పను, ఎందుకంటే నాతో పాటు ఫెయిలైన వాళ్లలోనే ఒక్కొక్కరూ ఒక్కో కారణంతో ఫెయిలయ్యారు.

ముందు ఆ రిపోర్టు తీయండి

ఫెయిలైన వాళ్లకి క్యాండిడేట్ పర్ఫార్మెన్స్ రిపోర్ట్ అని ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని ఒకసారి చూసి, ఏడ్చి, మూసేస్తారు. ఇంట్లో ఎవరూ చూడకుండా డిలీట్ చేసినవాళ్లూ ఉన్నారు. కోచింగ్ సెంటర్‌కి కట్టే డబ్బు కంటే ఆ కాగితం విలువైనది. అందులో చూడాల్సినవి రెండు. మీకు ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎనిమిది విభాగాల్లో ఏది పాస్ గీతకి పైన ఉంది, ఏది దగ్గర్లో ఉంది, ఏది కింద ఉంది.

ప్రశ్నల సంఖ్య ఎందుకు ముఖ్యమంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, మొత్తం ఐదు గంటలు. వీటిలో 15 ప్రశ్నలకి మార్కులు లేవు, ముందుముందు వాడదామని పరీక్షించి చూసుకునేవి, అవి ఏవో మనకి తెలియనివ్వరు. మీరు సరిగ్గా చేస్తే తర్వాతి ప్రశ్న కష్టంగా వస్తుంది, తప్పితే తేలికగా వస్తుంది, అలా మీ స్థాయిని అంచనా వేసుకుంటూ పోయి, గీతకి పైనే ఉన్నారని గానీ కిందే ఉన్నారని గానీ 95 శాతం నమ్మకం కుదిరిన చోట కంప్యూటర్ ఆపేస్తుంది. కుదరకపోతే 150 దాకా లాగుతుంది. కాబట్టి 85కే ఆగి ఫెయిలైతే గీతకి బాగా కింద ఉన్నారని అర్థం. 150 దాకా వెళ్లి ఫెయిలైతే గీత మీదే తచ్చాడుతూ చివర్లో కిందికి జారారని అర్థం. ఈ రెండో మనిషి మొదటి మనిషిలాగా మళ్లీ అనాటమీ నుంచి మొదలుపెట్టడం నేను చూశాను, నాలుగు నెలలు పోయాయి, ముందే వచ్చిన సబ్జెక్టు ఇంకా బాగా వచ్చింది, రాని సంగతి అలాగే ఉండిపోయింది.

85 దగ్గర్లో ఆగి, విభాగాలు దాదాపు అన్నీ కిందే ఉంటే

ఇది సబ్జెక్టు లోటు. దీన్ని ఒప్పుకోడానికి మనసు రాదు, "నేను ఆరేళ్లు వార్డులో చేశాను, నాకు సబ్జెక్టు రాకపోవడమేంటి" అనిపిస్తుంది. ఆరేళ్లు ఆర్థోలో చేసినవాళ్లకి ఆర్థో వస్తుంది. పిల్లల వార్డు, సైకియాట్రీ, ప్రసవాలు కాలేజీ వదిలాక మళ్లీ ముట్టుకుని ఉండరు, పరీక్ష మాత్రం అన్నీ అడుగుతుంది.

ఇలాంటివాళ్లకి కోచింగ్ పనికొస్తుంది. సాండర్స్ లాంటి లావుపాటి పుస్తకం ఇంట్లో ఉన్నా నైట్ డ్యూటీ చేసి వచ్చి దాన్ని ఒంటరిగా తిరగేయడం చాలామందివల్ల కాదు, రోజూ ఒక టైముకి ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. కోచింగ్ అంటే చెన్నై, హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకుని వెళ్లేదా, ఆన్‌లైనా అంటే, ఉద్యోగం మానేయాల్సి వస్తే నేను ఆన్‌లైనే అంటాను. జీతం ఆగిపోయిన ఇంట్లో చదువు సాగదు, నెల తిరిగేసరికి ఆ టెన్షన్ పుస్తకం మీదికి వస్తుంది. కావలి, కందుకూరు, కనిగిరి లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు రోజూ ఎక్కడికో బస్సులో తిరిగే బాధ కూడా తప్పుతుంది.

ఆన్‌లైన్ క్లాసుల్లో మాత్రం ఒకటి అడిగి చేరండి: క్లాసు అయ్యాక ప్రశ్నలు ఎవరు చర్చిస్తారు, తప్పు జవాబు ఎందుకు తప్పో చెబుతారా, సరైనది ఏదో చెప్పి ముందుకు పోతారా? రెండో రకమైతే ఆ డబ్బు మిగిల్చుకోండి. వంద మందిని ఒకే జూమ్ క్లాసులో కూర్చోబెట్టి స్లైడ్లు చదివే కోచింగ్‌కి, యూట్యూబ్‌లో ఉచితంగా దొరికేదానికి తేడా నాకు కనపడలేదు. "గ్యారంటీ పాస్" అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గర అసలు ఆగకండి.

వీళ్లకి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. 45 రోజులకే మళ్లీ రాయొచ్చని నియమం ఉంది కదా అని తొందరపడితే పోయేది మళ్లీ వాళ్ల డబ్బే. ఒక్కసారి లెక్క చూసుకోండి: రిజిస్ట్రేషన్ 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150 డాలర్లు, ఆ పైన పన్ను. అంటే రానూపోనూ ఖర్చులు కలపకుండానే ముప్పై వేల రూపాయలు దాటుతుంది, చాలామంది స్టాఫ్ నర్సుల నెల జీతం కంటే ఎక్కువ.

130, 140, 150 దాకా వెళ్లి, అన్నీ దగ్గర దగ్గరగా ఉంటే

మీరు కోచింగ్ జోలికి పోకండి. మీకు కావాల్సింది ఒక మంచి క్వశ్చన్ బ్యాంక్, ఓపికగా చదివిన రేషనల్స్ (ఏ జవాబు ఎందుకు ఒప్పో, ఎందుకు తప్పో చెప్పే వివరణలు), రెండు మూడు నెలలు, అంతే. ఏడాది ఆగడం తప్పు. చదివింది చల్లారిపోతుంది, ఈలోపు పెళ్లి చూపులో, ఇంట్లో ఎవరికో ఆపరేషనో, ఏదో ఒకటి వచ్చి పడుతుంది.

ఇక యూవరల్డా ఆర్చరా అన్నదానికి ఇప్పుడు జవాబు. యూవరల్డ్‌లో బలం దాని వివరణ. ప్రతి ఆప్షన్ ఎందుకు తప్పో విడిగా చెబుతుంది, బొమ్మలుంటాయి, పట్టికలుంటాయి, ఒక ప్రశ్న వివరణ చదివితే చిన్న పాఠం అయిపోతుంది. కాకపోతే ధర ఎక్కువ, ప్రశ్నలు కష్టంగా ఉంటాయి, యాభై అరవై శాతం వస్తే బాగానే చేస్తున్నట్టు లెక్క. ఇది తెలియక యాభై రెండు శాతం చూసి రెండు రోజులు పుస్తకం ముట్టని అమ్మాయిలున్నారు. ఆర్చర్ చవక, ప్రశ్నలు బోలెడు, వివరణ మాత్రం అంత లోతుగా ఉండదు. దాని రెడీనెస్ పరీక్షలు బాగా పనికొస్తాయి, లో, బోర్డర్‌లైన్, హై, వెరీ హై అని చెప్పేస్తుంది కాబట్టి తేదీ ఎప్పుడు తీసుకోవాలో తేల్చుకోడానికి అదొక కొలత. ఒక్క వెరీ హై చూసి బుక్ చేయకండి, వరసగా కొన్ని రావాలి.

నా సలహా: సబ్జెక్టు కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లకి యూవరల్డ్, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకి, లేదా ఇప్పటికే ఒకసారి యూవరల్డ్ మొత్తం చేసేసి జవాబులు గుర్తుండిపోయినవాళ్లకి ఆర్చర్. రెండూ ఒకేసారి కొనడం దండగ. నాలుగు యాప్‌లు ఫోన్‌లో పెట్టుకుని ఏదీ సగం కూడా చేయనివాళ్లే ఎక్కువ.

టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌ల సంగతి కూడా చెప్పాలి. వాటిలో చాలా మటుకు 2023కి ముందువి. కొత్త పరీక్షలో కేస్ స్టడీలు మూడు వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, అంటే 18. కనీస పరీక్షలో మార్కులుండే ప్రశ్నలు 70 అనుకుంటే అందులో ఇవే నాలుగో వంతు. బో-టై, మ్యాట్రిక్స్, హైలైట్ చేసేవి, డ్రాప్‌డౌన్‌లు లాంటి కొత్త రకం ప్రశ్నలు, ఇవన్నీ పీడీఎఫ్‌లో ఎలా ప్రాక్టీస్ చేస్తారు? ఇక "నిన్న పరీక్షలో వచ్చిన ప్రశ్నలు" అని అమ్మేవాళ్ల దగ్గర కొంటే వచ్చే ఫలితాన్నే రద్దు చేసే అధికారం లైసెన్స్ ఇచ్చే నర్సింగ్ బోర్డుకి ఉంది.

సాటా, అంటే వర్తించేవన్నీ టిక్ పెట్టమనే ప్రశ్నల గురించి పాత సీనియర్లు భయపెడతారు, ఒక్కటి తప్పినా మొత్తం పోతుందని. ఇప్పుడు అలా లేదు. సరైనదానికి ఒక మార్కు కలుస్తుంది, తప్పుదానికి ఒకటి పోతుంది, సున్నా కంటే కిందికి దిగదు. అందుకని అనుమానంగా ఉన్నవాటికి కూడా టిక్ పెట్టుకుంటూ పోయే అలవాటు మానుకోవాలి. ఖాయంగా తెలిసినవి పెట్టి, మిగతావి వదిలేయండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తప్పిన ప్రతి ప్రశ్నకి సబ్జెక్టు నోట్స్ రాయొద్దు, ఎందుకు తప్పిందో ఒక్క ముక్క రాయండి. తెలియక తప్పిందా, ప్రశ్నలో ఒక మాట చూసుకోక తప్పిందా, ముందు సరిగ్గా పెట్టి మళ్లీ మార్చినందుకు తప్పిందా, ఏది ముందు చేయాలో తేలక తప్పిందా. రెండు వందల తప్పులయ్యాక వెనక్కి తిరగేస్తే మీ జబ్బు మీకే కనిపిస్తుంది. 150 దాకా వెళ్లి ఫెయిలైనవాళ్లకి సాధారణంగా చివరి రెండే ఎక్కువగా ఉంటాయి.

మేనేజ్‌మెంట్, సేఫ్టీ మాత్రమే కింద ఉంటే

మన దగ్గర పనిచేసిన నర్సుల రిపోర్టుల్లో ఇదే ఎక్కువగా చూస్తాను, దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్ ఒక్కటే 2023 టెస్ట్ ప్లాన్‌లో 15 నుంచి 21 శాతం, అన్నిటికంటే పెద్ద భాగం. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఉన్న సేఫ్టీ భాగం 10 నుంచి 16 శాతం. ఈ రెండూ తెలివికి సంబంధించినవి కావు, అలవాటుకి సంబంధించినవి. మనం బాగా పనిచేసే నర్సులం కాబట్టే ఇక్కడ తప్పుతాం.

డెలిగేషన్ తీసుకోండి. మన వార్డులో ఇరవై మంది పేషెంట్లుంటే సిస్టరే కాన్యులా పెడుతుంది, సిస్టరే మందులిస్తుంది, ఆయమ్మ సెలవు పెడితే పక్క కూడా సిస్టరే మారుస్తుంది. ఎవరికి ఏ పని అప్పజెప్పాలి అన్న ఆలోచనే మనకి రాదు. పరీక్షలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు), ఎల్‌పీఎన్ (ఆమె కింద పనిచేసే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు), సహాయకులు అని మూడు మెట్లుంటాయి. ఎల్‌పీఎన్‌ని మన ఏఎన్‌ఎం అనుకుని జవాబు పెడితే తప్పుతుంది, ఇద్దరి పనీ ఒకటి కాదు. మొదటిసారి చూసి అంచనా వేయడం, కొత్తగా నేర్పించడం, పరిస్థితి నిలకడగా లేని పేషెంట్, రక్తం ఎక్కించడం మొదలుపెట్టడం, ఇవి ఆర్‌ఎన్ చేతిలోంచి పోకూడదు. నిలకడగా ఉన్న పేషెంట్‌కి నోటి మందులు, డ్రెస్సింగ్, ఆర్‌ఎన్ చెప్పినదాన్నే మళ్లీ గుర్తుచేయడం ఎల్‌పీఎన్‌కి ఇవ్వొచ్చు. స్నానం, నడిపించడం, ఇన్‌టేక్ అవుట్‌పుట్ రాయడం, స్థిరంగా ఉన్నవాళ్ల బీపీ, పల్స్ సహాయకులకి. అన్నం తినిపించడం సహాయకుల పనే, కానీ నిన్ననే స్ట్రోక్ వచ్చిన మనిషికి తినిపించమంటే అది ఉచ్చు, మింగుడు ఎలా ఉందో ఎవరూ చూడలేదు.

రెండోది "డాక్టర్‌గారికి చెప్పాలి" అన్న ఆప్షన్. మన చేతులు దాని మీదకే పోతాయి, ఎందుకంటే ఇక్కడ చెప్పకుండా చేస్తే రేపు తిట్లు తినేది మనమే. రక్తం ఎక్కుతుండగా చలి, నడుము నొప్పి అంటున్నాడు, ముందు ఏం చేస్తారు? ముందు ఆపాలి, కొత్త ట్యూబింగ్‌తో సెలైన్ పెట్టి లైన్ నిలబెట్టాలి, ఆ తర్వాతే ఫోన్. అలాగని ఎప్పుడూ ఫోన్ తప్పనుకోకండి. చూడాల్సింది చూసేసి, నర్సు చేయగలిగింది చేసేసి ఉంటే, ఇక మిగిలింది చెప్పడమే. ప్రశ్నలో నర్సు ఇప్పటికే ఏం చేసేసిందో చదవండి, సగం ప్రయారిటీ ప్రశ్నలు అక్కడే విడిపోతాయి.

మూడోది ఐసొలేషన్. టీబీ పేషెంట్‌ని వార్డు చివర కిటికీ పక్క బెడ్‌లో వేయడం మనం చూశాం, మనమే వేశాం. పరీక్షలో టీబీ, తట్టు, ఆటలమ్మకి గాలి బయటికి పోని నెగటివ్ ప్రెషర్ గది, ఎన్-95. ఫ్లూ, కోరింత దగ్గు, గవదబిళ్లలు, మెనింగోకాకల్ మెనింజైటిస్ అయితే సర్జికల్ మాస్క్. సీ-డిఫ్ అనే బ్యాక్టీరియా విరేచనాలకి గౌను, గ్లౌజులు, చేతులు సబ్బుతోనే కడగాలి, శానిటైజర్ సరిపోదు. ఇదంతా ఒక పేజీలో రాసి వంటింటి గోడకి అంటించుకుంటే పది రోజుల్లో వచ్చేస్తుంది, దీనికి కోచింగ్ ఎందుకు?

మందుల పేర్లు కూడా ఇలాగే. పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ అక్కడ అల్బ్యుటెరాల్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్, పెథిడిన్ అక్కడ మెపెరిడిన్. మందు తెలిసి పేరు తెలియక మార్కు పోతే కడుపు మండుతుంది. మనకి లాభించేవి కూడా ఉన్నాయి లెండి: లేబర్ రూమ్‌లో మ్యాగ్‌సల్ఫ్ ఇస్తూ మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, యూరిన్ చూసుకుంటూ పక్కన క్యాల్షియం గ్లూకోనేట్ పెట్టుకున్న సిస్టర్‌కి ఆ ప్రశ్న పుస్తకం చూడకుండానే వస్తుంది.

ఈ రకం వాళ్లు కోచింగ్ పెట్టుకోవాల్సి వస్తే పూర్తి కోర్సు వద్దు. అమెరికాలోనో కెనడాలోనో ఇప్పుడు పనిచేస్తున్న మన సీనియర్ ఒకరిని పట్టుకుని వారానికి రెండుసార్లు ప్రయారిటీ, డెలిగేషన్ ప్రశ్నలు మాత్రమే చర్చించండి. అక్కడ షిఫ్టు ఎలా నడుస్తుందో వినడంలోనే సగం పని అయిపోతుంది.

రిపోర్టులో కనపడని కారణం

ఇంగ్లిష్. దీన్ని ఏ రిపోర్టూ చెప్పదు. 150 ప్రశ్నలకి ఐదు గంటలంటే ఒక్కోదానికి రెండు నిమిషాలు, కేస్ స్టడీలో నర్స్ నోట్స్, ల్యాబులు, ఆర్డర్లు అన్నీ ట్యాబులు మార్చుకుంటూ చదవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చి జీఎన్‌ఎం చేసినవాళ్లు ఇక్కడే వెనకబడతారు. టైము అయిపోయేసరికి 85 కూడా పూర్తికాకపోతే ఇక చూసేదేం లేదు, ఫెయిలే.

ఇది మీ సమస్య అవునో కాదో తెలుసుకోడానికి ఒక పద్ధతి ఉంది. మీరు తప్పు చేసిన ఇరవై ప్రశ్నలు తీసి, ఇంగ్లిష్ బాగా వచ్చిన స్నేహితురాలిని తెలుగులో చెప్పమనండి, ఆప్షన్లు కూడా తెలుగులోనే. అప్పుడు పది పన్నెండు సరిగ్గా చెప్పగలిగితే మీకు నర్సింగ్ వచ్చు, చదవడం రాదు. రేషనల్స్ ఇంగ్లిష్‌లో గట్టిగా బయటికి చదవండి, టైమర్ పెట్టి చేయండి, ఫోన్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌లో చేయండి, ఎందుకంటే పరీక్ష తెర పెద్దది, ఫోన్‌లో అలవాటైన కన్ను అక్కడ తడబడుతుంది. అమెరికా వీసాకి కావాల్సిన వీసా స్క్రీన్ సర్టిఫికెట్‌కి ఎలాగూ ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మొత్తం 6.5, స్పీకింగ్ 7 కావాలి కాబట్టి ఈ కష్టం వృథా పోదు.

పరీక్షే మార్చుకుంటే?

ఇది పారిపోవడమేం కాదు, లెక్క చూసుకుని చేస్తే తెలివైన పనే. గల్ఫ్ పరీక్షలు, మనం అందరం ప్రోమెట్రిక్ అని పిలిచేవి, ఎక్కువగా ఒక్క జవాబు ఎంచుకునే ప్రశ్నలే, కంప్యూటర్ మీ స్థాయిని బట్టి కష్టం పెంచడం ఉండదు. డేటాఫ్లో అని సర్టిఫికెట్ల పరిశీలన ఒకటుంటుంది, అనుభవం అడుగుతారు, వార్డులో నిజంగా చేసినవాళ్లకి చదవడానికి మరీ ఎక్కువ ఉండదు. అప్పులున్న ఇంటికి, తమ్ముడి చదువు మీ జీతం మీదే నడుస్తున్న ఇంటికి నేను మొహమాటం లేకుండా గల్ఫ్ ముందు అంటాను. అక్కడ రెండు మూడేళ్లు చేస్తూ ఎన్‌క్లెక్స్ మళ్లీ చదవొచ్చు, ఇంగ్లిష్ కూడా నోట్లో తిరుగుతుంది. ఒకటే లోటు, దుబాయ్ లైసెన్స్ సౌదీలో చెల్లదు, దేశం మారితే మళ్లీ తంతు.

యూకే తీరు వేరు. అక్కడ సీబీటీ అనే కంప్యూటర్ పరీక్షలో లెక్కలు 15 ప్రశ్నలు అరగంట, నర్సింగ్ 100 ప్రశ్నలు రెండున్నర గంటలు, తర్వాత అక్కడికి వెళ్లాక పది స్టేషన్ల ఓస్కీ, అంటే చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష. సీబీటీ ఎన్‌క్లెక్స్ కంటే తేలిక, కానీ ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ 6.5, మిగతా మూడూ 7 కావాలి, లేదంటే ఓఈటీ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్ష. అంటే ఇంగ్లిష్ వల్ల ఎన్‌క్లెక్స్ పోయినవాళ్లు యూకే వైపు తిరిగితే అదే గోడ ఇంకాస్త ఎత్తుగా ఎదురొస్తుంది. పైగా ఈ మధ్య అక్కడ బయటి దేశాల నర్సులని తీసుకోవడం బాగా తగ్గింది. జర్మనీకి అయితే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి, పాతికేళ్ల లోపు, ఇంట్లో బాధ్యతలు లేనివాళ్లకి సరే.

ఎయిమ్స్ వాళ్ల నార్సెట్ లైసెన్స్ పరీక్ష కాదు, ఉద్యోగ పరీక్ష. అయినా ముప్పై లోపు వయసున్నవాళ్లు దీన్ని తీసి పారేయొద్దు. ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, తప్పుకి మూడో వంతు కోత, జీకే కూడా ఉంటుంది. ఎన్‌క్లెక్స్ కోసం చదివిన సబ్జెక్టు ఇక్కడ పనికొస్తుంది, ఇక్కడ బట్టీ పట్టిన వన్-లైనర్లు మాత్రం ఎన్‌క్లెక్స్‌లో పనికిరావు. రెండూ ఒకే నెలలో పెట్టుకోకండి.

అమెరికా మీదే పట్టుదల ఉన్నవాళ్లకి ఒక నిజం: ఇండియాలో పుట్టినవాళ్లకి నర్సులు వెళ్లే ఇబి-3 రకం గ్రీన్ కార్డు (అక్కడ స్థిరపడే అనుమతి) క్యూ పదేళ్లకి పైగా వెనకబడి ఉంది. రొట్టెల పండగలో బారాషహీద్ దర్గా దగ్గర విదేశీ రొట్టె పట్టుకున్నా ఆ క్యూ ముందుకు జరగదు, "ఆరు నెలల్లో ఎగిరిపోతావ్" అనే ఏజెంట్‌ని తేదీ ఎలా వస్తుందో కాగితం మీద రాసి చూపించమనండి. అంతమాత్రాన ఎన్‌క్లెక్స్ వృథా అనను. కెనడా 2015 నుంచి ఇదే పరీక్ష వాడుతోంది, ఆస్ట్రేలియా 2020 నుంచి బయటి నర్సులకి ముందు ఎన్‌క్లెక్స్, తర్వాత ఓస్కీ పెడుతోంది. 150 దాకా వెళ్లి ఫెయిలైన మనిషి ఈ మూడు దేశాల తలుపు వదిలేసి కొత్త పరీక్షకి మొదటినుంచి చదవడం నష్టం. 85కే ఆగినవాళ్లు, అందులోనూ డబ్బు అవసరం ఉన్నవాళ్లు, ముందు గల్ఫ్ చూసుకోవడం లాభం.

ఎన్నిసార్లు రాయొచ్చు అన్నది మీరు ఏ రాష్ట్రం బోర్డు ద్వారా రాస్తున్నారో దాని మీద ఉంటుంది. న్యూయార్క్‌కి పరిమితి లేదు. ఫ్లోరిడాలో మూడుసార్లు పోతే రెమెడియల్ కోర్సు చేస్తేగానీ మళ్లీ రాయనివ్వరు. కొత్త బోర్డుకి మారడానికి మళ్లీ ఫీజు, మళ్లీ కాలేజీ చుట్టూ ట్రాన్స్‌క్రిప్ట్‌ల కోసం తిరగడం కాబట్టి, పాత బోర్డు తలుపు మూసుకుపోతే తప్ప మారకండి.

చెన్నైలో రాయాలా, హైదరాబాద్‌లోనా

నెల్లూరు వాళ్లకి చెన్నై, వేరే ఆలోచనే వద్దు. రైల్లో మూడు గంటలు, ముందు రోజు మధ్యాహ్నం బయల్దేరితే సాయంత్రానికి సెంటర్ చూసి వచ్చి పడుకోవచ్చు. ఒంగోలు, మార్కాపురం, దర్శి వాళ్లకి రెండూ దూరమే, అక్కడ చూడాల్సింది చుట్టాలు ఎక్కడున్నారని కాదు, ప్రశాంతంగా నిద్ర ఎక్కడ పడుతుందని. పరీక్ష ముందు రోజు పెద్దమ్మ ఇంట్లో దిగితే రాత్రి పన్నెండు దాకా కబుర్లు, "ఇంతకు ముందు ఎందుకు పోయిందమ్మా" అని విచారణ. లాడ్జి మేలు. రాత్రి రైలెక్కి పొద్దున దిగి నేరుగా పరీక్షకి వెళ్లే ఆలోచన మాత్రం మానుకోండి, ఐదు గంటలు కూర్చోవాలి. రెండు గంటలకి ఒకసారి, మూడున్నర గంటలకి ఒకసారి బ్రేక్ ఇస్తారు, అవసరం లేదనిపించినా లేచి ముఖం కడుక్కుని రండి.

పాస్‌పోర్ట్ ఒరిజినల్ తీసుకెళ్లాలి, ఆధార్ చూపిస్తే లోపలికి రానివ్వరు. మన ఇంటిపేర్లతో ఇక్కడ తిప్పలు వస్తాయి. కాలేజీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో మొత్తం ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి అదీ మారుతుంది. పరీక్షకి అనుమతిస్తూ వచ్చే ఏటీటీ మెయిల్‌లో పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు అక్షరం అక్షరం కలవాలి. తేడా ఉంటే తేదీ బుక్ చేయకముందే మెయిల్ పెట్టి సరిచేయించుకోండి, ఏటీటీ గడువు సాధారణంగా తొంభై రోజులే.